బిడ్డ బాకీ

బట్లహళ్ళి చుట్టుపక్కల సంబంధం కుదుర్చుకునేటప్పుడు ఏ రాష్ట్రమని ఎవరూ అడగరు. ఏ ఊరు, ఎవరి కొడుకు, బోర్లో ఎన్నంగుళాల నీళ్ళు, ఆవులెన్ని, ఇవే విచారణలు. పిల్ల తంబళ్ళపల్లె వైపుదైనా, బి.కొత్తకోట వైపుదైనా, ఇటు శ్రీనివాసపురం వైపుదైనా ఒకటే. చింతామణి మీదుగా మదనపల్లెకు పోయే కడప రోడ్డు వెంబడి చాలా ఇళ్ళల్లో మాట తెలుగే. పెళ్ళినాడు ఎవరికీ కనిపించని రాష్ట్రపు గీత, మొగుడూ పెళ్ళాం విడిపోయిననాడు మాత్రం తగులుతుంది. ఆమె బిడ్డను చంకనేసుకుని పుట్టింటికి పోతే అది వేరే రాష్ట్రం, వేరే పోలీసు స్టేషను, వేరే హైకోర్టు.

అప్పుడు పుట్టే ప్రశ్నలు పెద్ద చిక్కువేం కావు. బిడ్డ ఎవరి దగ్గరుండాలి? ఖర్చు ఎవరు పెట్టాలి? ఇవ్వకపోతే ఎక్కడ అడగాలి? చూడనివ్వకపోతే ఏం చెయ్యాలి? చట్టంలో వీటికి జవాబులున్నాయి, చాలావరకు తేటగానే ఉన్నాయి. తప్పు జరిగేది ఒకచోట. మొగుడూ పెళ్ళాల లెక్కనీ బిడ్డ లెక్కనీ ఒకే పద్దులో రాసేస్తారు. ఆమె మీద కోపం వస్తే ఆయన బిడ్డ బడి ఫీజు ఆపుతాడు. ఆయన మీద కోపం వస్తే ఆమె ఆదివారం బిడ్డను చూపించదు. కోర్టు మాత్రం ఆ రెండు పద్దులనూ విడివిడిగానే చూస్తుంది. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే సగం వాయిదాలు తగ్గుతాయని నా నమ్మకం.

తనే వెళ్ళిపోయింది, నేనెందుకివ్వాలి?

మగవాళ్ళు మొదట అడిగేది ఇదే. నెలనెలా పోషణ ఖర్చు అడిగే హక్కు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125వ సెక్షను కింద ఉండేది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షను అయింది. నంబరు మారింది గానీ సరుకు దాదాపు అదే. భార్య తగిన కారణం లేకుండా కాపురానికి రానన్నా, పరాయి సంబంధంలో ఉన్నా, ఇద్దరూ ఒప్పుకొని విడిగా ఉంటున్నా ఆమెకు జీవనాంశం రాదని ఆ సెక్షనులోనే ఉంది. అది ఆమె పద్దు. బిడ్డ విషయంలో అలాంటి షరతు ఒక్కటీ లేదు. తల్లి గడప దాటిన తీరు తప్పో ఒప్పో తేలేదాకా బిడ్డ పాలు, పుస్తకాలు ఆగనక్కర్లేదు.

అసలు ఆ పెళ్ళే చెల్లదని వాదించినా బిడ్డ హక్కు పోదు. పెళ్ళిలో పుట్టినా, పెళ్ళి లేకుండా పుట్టినా ఈ సెక్షను ముందు పిల్లలందరూ ఒకటే. 18 ఏళ్ళు నిండేదాకా అడగొచ్చు. ఒంట్లోనో బుద్ధిలోనో లోపం ఉండి తన కాళ్ళ మీద నిలబడలేని బిడ్డయితే ఆ తర్వాత కూడా. పెళ్ళికాని ఆడపిల్లకు 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టం 20వ సెక్షను ఇంకో దారి చూపిస్తుంది. ఆమెకు స్వంత సంపాదన, ఆస్తి లేకపోతే పెళ్ళయ్యేదాకా తండ్రిని అడగొచ్చని, అయితే ఆ దావా ఆ చట్టం కిందనే వేసుకోవాలని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. డిగ్రీ చదువుతున్న కూతురికి 18 నిండాయి కదా అని చేతులు దులుపుకునే తండ్రులకు ఈ సంగతి అంతగా తెలియదు.

ఇక రెండో వైపు. అదే 20వ సెక్షను తండ్రి పేరుతోపాటు తల్లి పేరూ చెబుతుంది. ఇద్దరూ సంపాదిస్తుంటే ఖర్చు సంపాదనల నిష్పత్తిలో పంచుకోవాలని 2000లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో లెక్కగట్టి చూపింది. గార్మెంట్స్‌కు పోయే తల్లి, నెల జీతం తెచ్చుకునే టీచరమ్మ ‘అంతా ఆయనే పెట్టాలి’ అంటే కోర్టు ఒప్పుకోకపోవచ్చు. అలాగని ఆమెకు ఏదో కాస్త వస్తోంది కాబట్టి తండ్రి బాధ్యత సున్నా అయిపోదు. ఈ మధ్య ‘నీకు గృహలక్ష్మి రెండు వేలు వస్తోంది కదా’ అనే మాట కొత్తగా వినిపిస్తోంది. కర్ణాటక ప్రభుత్వం 2023 నుంచి ఇంటి యజమానురాలికి ఇస్తున్న 2000 రూపాయలు అవి. ప్రభుత్వం తల్లికిచ్చే సాయం తండ్రి బాకీని ఎలా తీరుస్తుంది? ఆదాయం రాసేచోట ఆమె దాన్ని చూపించాలి, అంతవరకే.

‘నాకు పనే లేదు’ అనేది ఇంకో మాట. ఒంట్లో సత్తువ ఉన్న మనిషి కూలికి పోయైనా భార్యనూ మైనరు బిడ్డలనూ పోషించాల్సిందేనని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. బెంగళూరులో క్యాబు నడుపుతూ, చింతామణి కోర్టులో నిరుద్యోగినని చెప్పడం అంత తేలిక కాదిప్పుడు. దానికి కారణం ఒక ప్రమాణపత్రం.

పాసుబుక్కు, పహణి, మండీ చీటీ

ఎంత ఇవ్వాలన్నదానికి చట్టంలో రేటు లేదు. 2001 దాకా మాత్రం పరిమితి ఉండేది, నెలకు 500 రూపాయలు. ఆ ఏడాది సవరణతో అది పోయింది. జీతంలో నాలుగో వంతు, మూడో వంతు అని జనం చెప్పుకునేవి ఏవో కొన్ని తీర్పుల్లోంచి జారిన ముక్కలు. అందరికీ వర్తించే సూత్రం ఏదీ లేదని 2020 నవంబరు 4న రజ్నేష్ – నేహ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పునిచ్చిన ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరు జస్టిస్ ఇందూ మల్హోత్రా, మరొకరు మన తెలుగువారు జస్టిస్ ఆర్.సుభాష్ రెడ్డి. దేశంలో పోషణ కేసులన్నింటికీ ఇప్పుడు ఆధారం ఆ తీర్పే. భార్యాభర్తలిద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చులు ప్రమాణపత్రంలో రాసి ఇవ్వాలి. అబద్ధం రాస్తే అదే ఇంకో కేసు. డబ్బు కూడా ఉత్తర్వు వచ్చిన నాటినుంచి కాదు, దరఖాస్తు వేసిన నాటినుంచి లెక్క. మధ్యంతర జీవనాంశం దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని 144వ సెక్షను చెబుతుంది. ఎంతవరకు వీలవుతోందో వాయిదాలకు తిరిగినవాళ్ళకు తెలుసు.

ఈ తీర్పులో మన ప్రాంతానికి ప్రత్యేకంగా పనికొచ్చేది ఒకటుంది. ప్రమాణపత్రం నమూనాలు మూడు జతచేశారు. మొదటిది పట్నంవాళ్ళకు, ఉద్యోగస్తులకు. మూడోది మేఘాలయకు. రెండోది అచ్చంగా సేద్యం చేసుకునేవాళ్ళకు. అందులో పొలం ఎంత, ఎక్కడ, తరియా మెట్టా, ఏం పంట, ఎన్ని ఆవులు, గొర్రెలు, కోళ్ళు, వాటిమీద రాబడి ఎంత, బాకీలెన్ని అని వరసగా అడుగుతారు. ‘రైతుకు ఆదాయమేముంటుంది సార్, అంతా దేవుడి దయ’ అని తప్పించుకునే దారి అక్కడ మూసుకుపోయింది.

ఒక ఇల్లు అనుకుందాం. బట్లహళ్ళి పక్క పల్లెలో రెండెకరాల బోరు కింద పొలం, మూడు సీమావులు. ఆయన ఆదాయం ‘ఏమీ లేదు’ అని రాశాడు. ఆమె దగ్గర రసీదులేం ఉంటాయి? అయినా ఏం పట్టుకోవాలో ఆమెకు తెలియాలి. పాలు డెయిరీకి పోస్తే డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆ పాసుబుక్కు నకలు కోర్టు ద్వారా తెప్పించమని అడగొచ్చు. పొలం ఎవరి పేరున ఉందో, ఏ పంట పెట్టారో పహణిలో ఉంటుంది. అది కంప్యూటరు మీద ఎవరికైనా దొరుకుతుంది. ఆంధ్ర వైపు పొలమైతే అడంగల్, 1బి. పట్టుగూళ్ళు శిడ్లఘట్ట మార్కెట్టుకు పోతే అక్కడా లెక్క ఉంటుంది. టమాట మండీకి వేస్తే మండీ చీటీ ఉంటుంది. టమాట విషయంలో చిన్న తమాషా కూడా ఉంది: ధర పడిన ఏడు చీటీలు ఆయన తెస్తాడు, ధర పెరిగిన ఏడు చీటీలు ఆమె తెస్తుంది. జడ్జి రెండూ చూసి మధ్యలో ఒక అంకె వేస్తారు. తర్వాత పరిస్థితి నిజంగా మారితే, ఆయన ఆదాయం పడిపోయినా, బిడ్డ ఖర్చు పెరిగినా, 146వ సెక్షను కింద ఆ అంకెను మార్చమని ఇద్దరిలో ఎవరైనా అడగొచ్చు. అడక్కుండా సొంతంగా తగ్గించుకోవడం మాత్రం కుదరదు.

ఉత్తర్వు చేతికొచ్చాక కూడా డబ్బు రాకపోతే? వారెంటు అడగాలి. ఆస్తి జప్తు చేసి జరిమానా వసూలు చేసినట్టు వసూలు చేయొచ్చు, బాకీపడ్డ నెలకు ఒక నెల దాకా జైలుకూ పంపొచ్చు. ‘జైలుకు పోయొచ్చాను, చెల్లయింది’ అనుకునేవాళ్ళున్నారు. చెల్లు కాదు. జైలు శిక్ష కట్టించడానికి పెట్టే ఒత్తిడేగానీ డబ్బుకు బదులు కాదని సుప్రీంకోర్టు 1980ల చివర్లోనే చెప్పింది. ఇక ఆడవాళ్ళు తప్పక గుర్తుపెట్టుకోవాల్సింది గడువు. బాకీపడ్డ నాటినుంచి ఏడాదిలోగా దరఖాస్తు వేయకపోతే ఆ నెలల సొమ్ముకు ఈ వారెంటు దారి మూసుకుపోతుంది. పండగకు కట్టేస్తాడులే, పంట రానీ అని రెండేళ్ళు ఓపిక పట్టే తల్లులు నష్టపోయేది ఇక్కడే.

గీతకు అటూ ఇటూ

ఎక్కడ కేసు వేయాలి? పోషణ విషయంలో చట్టం ఆడవాళ్ళ కాళ్ళనొప్పి గుర్తెరిగింది. ఆయన ఉన్నచోట గానీ, ఆమె ఉంటున్నచోట గానీ, ఇద్దరూ చివరగా కాపురమున్నచోట గానీ వేయొచ్చు. బట్లహళ్ళి పుట్టింట్లో ఉన్న ఆమె చింతామణిలోనే వేసుకోవచ్చు, మొగుడు మదనపల్లెలో ఉన్నాసరే. ఉత్తర్వు వచ్చాక దాన్ని ఆయన ఎక్కడుంటే అక్కడి మేజిస్ట్రేటు అమలు చేయొచ్చు. గృహహింస చట్టం కింద అయితే తాత్కాలికంగా తలదాచుకున్న ఊళ్ళో కూడా వేయొచ్చు. బిడ్డను తాత్కాలికంగా తనకప్పగించమని ఆ చట్టం 21వ సెక్షను కింద అదే దరఖాస్తులో అడగొచ్చు.

బిడ్డ కస్టడీ దగ్గరికొచ్చేసరికి లెక్క మారుతుంది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం తల్లి ఎక్కడుంది, తండ్రి ఎక్కడున్నాడు అన్నది కాదు, బిడ్డ మామూలుగా నివసించేది ఎక్కడన్నదే ముఖ్యం. ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట అందులో, లేనిచోట జిల్లా కోర్టులో. రాత్రికి రాత్రి బిడ్డను బస్సెక్కించి ఊరు మార్చినంత మాత్రాన నివాసం మారిపోయిందని కోర్టు అనుకోదు.

అన్నింటికంటే విడ్డూరం కేసు బదిలీ. మొగుడు మదనపల్లెలో విడాకుల కేసు వేశాడు, బిడ్డతో చింతామణి దగ్గరున్న ఆమె ప్రతి వాయిదాకూ అక్కడికి పోలేకపోతోంది అనుకుందాం. రెండు ఊళ్ళ మధ్య బస్సులు తిరుగుతూనే ఉంటాయి. కానీ అది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కింది కోర్టు, ఇది కర్ణాటక హైకోర్టు కింది కోర్టు. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి కేసు మార్చే అధికారం హైకోర్టులకు లేదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి అర్జీ ఢిల్లీకి పోవాలి. పెళ్ళి కేసుల్లో సాధారణంగా భార్య ఇబ్బందినే ఎక్కువగా చూస్తారు, బదిలీలు దొరుకుతాయి కూడా. అయినా కడప రోడ్డు మీది రెండు ఊళ్ళ మధ్య ఒక కట్ట కాగితాలు కదలడానికి దేశంలోకెల్లా పెద్ద కోర్టు కావాలంటే, సరిహద్దు జిల్లాల కోసం ఎవరూ ఆలోచించలేదనే చెప్పాలి.

అమ్మమ్మే మేనత్త అయినప్పుడు

కోర్టు కంటే ముందు పంచాయితీ కూర్చుంటుంది. దాన్ని తీసిపారేయడానికి లేదు. చాలా కాపురాలు నిలబెట్టింది పెద్దమనుషులే. చిక్కంతా మేనరికాల్లో ఉంది. ఇక్కడ అక్క కూతురిని చేసుకోవడం ఇంకా ఉంది. అలాంటి ఇల్లు విడిపోతే బిడ్డకు అమ్మమ్మా, తండ్రి వైపు మేనత్తా ఒకే మనిషి. మనవరాలి పోషణకు డబ్బు రాబట్టాలంటే ఆమె తన కూతురి చేత సొంత తమ్ముడి మీద కేసు వేయించాలి. ‘మీ మామ మీద కోర్టుకు పోతావంటే? ఊళ్ళో తలెత్తుకుంటామా?’ అనే మాట ఆ ఇంట్లో ఎవరి నోటినుంచైనా రావచ్చు. పంచాయితీలో కూర్చునే పెద్దలు కూడా రెండు వైపులకూ చుట్టాలే. అందరికీ నొప్పి తగలకుండా తీర్పు చెప్పాలంటే, ఆ చుట్టరికాల్లో నోరులేనిది బిడ్డ ఒక్కటే కాబట్టి, కోత అక్కడ పడుతుంది.

అందుకే స్టాంపు పేపరు మీద ఒక మొత్తం రాసుకుని, ‘ఇకమీదట బిడ్డ ఖర్చులతో నాకు సంబంధం లేదు’ అని సంతకాలు పెట్టించుకుంటారు. ఆ కాగితానికి ఉన్న విలువ చాలా తక్కువ. ఆ కులంలో విడుదల ఆచారం ఉందని రుజువు చేయగలిగితే తప్ప, హిందువుల పెళ్ళి పంచాయితీ కాగితంతో రద్దు కాదు. తల్లి తన వాటా వదులుకోవచ్చు, బిడ్డ వాటా వదిలే హక్కు ఆమెకు లేదు. బిడ్డ ఆ కాగితంలో పార్టీయే కాదు. ‘రేపు పొలం వాడిదే కదమ్మా, నెలనెలా ఎందుకు?’ అన్న వాదన కూడా తరచూ వస్తుంది. పిత్రార్జితంలో వాటా వేరు, 2005 నుంచి ఆడబిడ్డకూ సమానంగా ఉంది. అది ఇరవై ఏళ్ళ తర్వాతి మాట. ఆకలి ఇవాళ్టిది.

పెద్దలు కుదిర్చిన ఒప్పందం నిజంగా బాగుందనుకుంటే దాన్ని పారేయనక్కర్లేదు. లోక్ అదాలత్ ముందో, కోర్టు మీడియేషన్‌లోనో పెట్టి రాయించుకోవాలి. లోక్ అదాలత్ అవార్డుకు కోర్టు డిక్రీ బలం ఉంటుంది, దానిమీద అప్పీలు లేదు. అదే మాటలు, అదే అంకెలు. తేడా ఏమిటంటే ఎగ్గొడితే వసూలు చేయించుకోవచ్చు.

మదనపల్లె కుర్రాడి కేసు

బిడ్డ తండ్రి సొత్తా? ఈ ప్రశ్న మీద దేశంలోనే పేరుమోసిన పాత కేసు ఒకటి పక్కనున్న మదనపల్లెలో పుట్టిన కుర్రాడిది. జిడ్డు కృష్ణమూర్తి 1895 మేలో అక్కడ పుట్టాడు. అతనికి పదేళ్ళ వయసులో తల్లి సంజీవమ్మ పోయింది. తండ్రి నారాయణయ్య సర్కారు కొలువు నుంచి రిటైరై 1909లో పిల్లలతో మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి చేరాడు. 1910 మార్చిలో కృష్ణమూర్తికీ తమ్ముడు నిత్యానందకీ అనీ బిసెంట్‌ను సంరక్షకురాలిగా ఒప్పుకుంటూ సంతకం చేశాడు. 1912లో ఆమె వాళ్ళను ఇంగ్లండుకు తీసుకుపోయింది. తండ్రికి మనసు మారింది. పిల్లలను తిరిగిమ్మని ఆ ఏడే చెంగల్పట్టు జిల్లా కోర్టులో దావా వేశాడు. అది మద్రాసు హైకోర్టుకు మారింది. బిసెంట్ తన కేసు తనే వాదించుకుంది. 1913లో జస్టిస్ బేక్‌వెల్ పిల్లలను తండ్రికి అప్పగించమన్నారు, అప్పీలులోనూ తండ్రే గెలిచాడు.

1914 మేలో లండన్ ప్రివీ కౌన్సిల్ దాన్ని తిరగరాసింది. ఆ తీర్పులో మూడు సంగతులు మన ప్రశ్నలకు నేరుగా తగులుతాయి. సంరక్షణ అనేది తండ్రి చేతిలో ఉన్న పవిత్రమైన ట్రస్టు అని, దాన్ని ఇంకొకరికి అప్పగించినా, బిడ్డల మేలు కోసం తిరిగి తీసుకోవచ్చని అంది. అంటే ‘రాసిచ్చావు కదా, అయిపోయింది’ అనే వాదన ఆనాడే చెల్లలేదు. రెండోది, పిల్లలు చెంగల్పట్టు జిల్లాలో నివసించడం లేదు కాబట్టి అక్కడ దావా నడవదంది. ఇవాళ సరిహద్దు తల్లిదండ్రులను తిప్పలు పెడుతున్న ‘బిడ్డ మామూలుగా ఉండేచోటు’ అనే నిబంధనే అది. మూడోది, ఇంత రభసలో ఆ కుర్రాళ్ళకు ఏం కావాలో ఎవరూ అడగలేదని ఎత్తిచూపింది. తీర్పు వచ్చేసరికి కృష్ణమూర్తికి 19 ఏళ్ళు. నారాయణయ్య బాధ మాత్రం నాకు అర్థమవుతుంది. తల్లిలేని పిల్లలను నమ్మి అప్పగించి, సముద్రాల అవతలికి పోతే చూడలేకపోయిన తండ్రి ఆయన. గెలిచిన కోర్టుల్లో కూడా ఆయనకు పిల్లలు చేతికి రాలేదు.

తర్వాత చట్టం ఆ ట్రస్టు మాట వెంటే నడిచింది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 6వ సెక్షను సహజ సంరక్షకుడు తండ్రి, ‘ఆ తర్వాత’ తల్లి అంది. ఆ ‘తర్వాత’ అంటే తండ్రి చచ్చాకనే అని అర్థం చెప్పుకుంటూ వచ్చారు. రచయిత్రి గీతా హరిహరన్ వేసిన కేసులో 1999లో సుప్రీంకోర్టు, తండ్రి పట్టించుకోనప్పుడు కూడా తల్లి సంరక్షకురాలేనని అర్థం చెప్పింది. ఐదేళ్ళు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని అదే సెక్షను అంటుంది. అందుకే ‘ఐదేళ్ళు దాటితే కొడుకు తండ్రికి వచ్చేస్తాడు’ అని ఒక నమ్మకం పాకింది. అలా ఏమీ లేదు. ఐదు దాటాక ఎవరికీ ముందు హక్కు లేదు, 13వ సెక్షను ప్రకారం బిడ్డ క్షేమమే అన్నింటికంటే పైన. బిడ్డకు తన ఇష్టం చెప్పేంత తెలివి వస్తే జడ్జి దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు. దానికి వయసు ఇంతని చట్టంలో లేదు. చాలాసార్లు జడ్జి బిడ్డను తన గదిలోకి పిలిచి ఒంటరిగా మాట్లాడతారు. వాయిదాకు ముందురోజు కొత్త సైకిలు కొనిచ్చిన తండ్రినీ, ‘మీ నాన్న నిన్ను కొడతాడని చెప్పు’ అని నేర్పిన తల్లినీ ఆ గదిలో పట్టుకోవడం పెద్ద కష్టమేం కాదు.

క్షేమం అంటే ఎవరి దగ్గర డబ్బెక్కువ అన్నది కాదు. మన దగ్గర అది చాలాసార్లు బడి దగ్గర తేలుతుంది. చింతామణి తాలూకాలో ఇంట్లో తెలుగు మాట్లాడే బిడ్డ బళ్ళో కన్నడం చదువుతుంది. నాలుగో తరగతిలో ఉండగా తల్లి సరిహద్దు దాటి పుట్టింటికి పోతే, తెలుగు గడగడా మాట్లాడే ఆ బిడ్డ అక్కడి బళ్ళో ‘అ ఆ’ల దగ్గర కూర్చుంటుంది. ఇటునుంచి అటు వచ్చినా అంతే. కస్టడీ అడిగేవాళ్ళు ఈ సంగతి దాచిపెట్టకుండా, బిడ్డ చదువు ఎలా సర్దుతారో చెప్పగలిగితే మంచిది. టీసీ విషయంలో ఒక ధైర్యం ఉంది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు బడి మారే హక్కు విద్యాహక్కు చట్టం 5వ సెక్షను ఇచ్చింది. హెడ్మాస్టరు టీసీ వెంటనే ఇవ్వాలి, అది ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు.

చూడనివ్వడం లేదు సార్

డబ్బివ్వలేదని చూపించకుండా ఉండొచ్చా? లేదు. చూపించలేదని డబ్బు ఆపొచ్చా? అదీ లేదు. ముందు చెప్పిన రెండు పద్దుల సంగతే. తల్లిదండ్రులు ఎంత కొట్టుకున్నా ఇద్దరి ప్రేమా పొందడం బిడ్డ హక్కని 2020 జనవరిలో సుప్రీంకోర్టు అంది. దూరాన ఉన్న తల్లికీ తండ్రికీ ఫోను, వీడియో కాల్ ద్వారా మాట్లాడే వీలు కల్పించాలంది. కర్ణాటక హైకోర్టు అంతకు ముందే, 2013 సెప్టెంబరులో, ఇంకో అడుగు ముందుకేసి ఒక కేసులో ఏడాదిని రెండుగా చీల్చింది. బిడ్డ జనవరి నుంచి జూన్ దాకా తండ్రి దగ్గర, జూలై నుంచి డిసెంబరు దాకా తల్లి దగ్గర. చదువు ఖర్చు చెరిసగం. 2015లో లా కమిషన్ 257వ నివేదికలో ఉమ్మడి కస్టడీని సిఫారసు చేసింది గానీ చట్టం ఇంకా రాలేదు. ఒకే ఊళ్ళో, కనీసం ఒకే భాష బళ్ళున్న ఊళ్ళలో ఉండేవాళ్ళకు సగం సగం సరిపోవచ్చు. బిడ్డ ఆరు నెలలు కన్నడం, ఆరు నెలలు తెలుగు చదవాల్సి వస్తే నాకైతే అది క్షేమంగా తోచదు.

మనవాళ్ళకు పనికొచ్చేది తేదీలతో, చోటుతో రాసిన ఉత్తర్వు. ‘సెలవుల్లో తండ్రి దగ్గర’ అని రాస్తే సరిపోదు. రెండు రాష్ట్రాల బడి సెలవులు ఒకేసారి రావు, ఏ బడి సెలవులో రాయించుకోవాలి. ఉగాది ఎవరింట్లో, దసరా ఎవరింట్లో, బిడ్డను ఏ బస్టాండులో ఎన్ని గంటలకు అప్పగించాలి, ఎవరు తోడు రావాలి అన్నీ రాయించుకుంటే గొడవకు చోటు తగ్గుతుంది. ఉత్తర్వు లేకుండా స్టేషనుకు పోతే బిడ్డ ఎవరి దగ్గరుండాలో తేల్చే అధికారం పోలీసులకు లేదు. బిడ్డకు దెబ్బలు, ప్రాణభయం ఉన్నప్పుడు మాత్రం ఆలోచించకుండా 112కో, పిల్లల సాయానికి 1098కో ఫోను చేయాలి.

ఇంటిపేరు గొడవ గురించి రెండు ముక్కలు. ఒక కేసులో, తండ్రి చనిపోయాక తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు బిడ్డకు పాత ఇంటిపేరే ఉంచమంది, కాగితాల్లో కొత్త భర్తను ‘సవతి తండ్రి’ అని రాయమంది. 2022 జూలైలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఒకే సహజ సంరక్షకురాలిగా మిగిలిన తల్లికి బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కుందని, అలా రాయించడం దాదాపు క్రూరమని అంది. తండ్రి బతికున్న విడాకుల ఇళ్ళకు ఈ తీర్పు అలాగే అతకదు.

చింతామణి, శిడ్లఘట్టల్లో ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళలో ‘మాకు ఈ పోషణ సెక్షను వర్తించదు’ అనే అపోహ ఉంది. ముస్లిం తండ్రి కూడా పిల్లలను పెద్దయ్యేదాకా, కూతుళ్ళనైతే పెళ్ళయ్యేదాకా పోషించాలని 1997లోనే సుప్రీంకోర్టు చెప్పింది. విడాకులైన ముస్లిం భార్యకూ 125వ సెక్షను వర్తిస్తుందని 2024 జూలై 10న, తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులో, జస్టిస్ బి.వి.నాగరత్న, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీ మళ్ళీ తేటపరిచారు.

లాయరుకు డబ్బెక్కడిదన్నది చివరి ప్రశ్న, చాలామందికి అసలు ప్రశ్న అదే. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షను ప్రకారం ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి. తాలూకా న్యాయసేవల కమిటీ కోర్టు ఆవరణలోనే ఉంటుంది, బోర్డు మీద ‘ఉచిత కానూను నెరవు’ అని కన్నడంలో కనిపిస్తుంది. ఫోను నంబరు 15100. మొగవాళ్ళకైతే ఆదాయ పరిమితి, కులం వంటి నిబంధనలుంటాయి. పోయేటప్పుడు పెళ్ళి ఫోటో లేదా శుభలేఖ, బిడ్డ జనన ధ్రువపత్రం, ఆధార్, బడి ఫీజు రసీదులు, మందుల చీటీలు, ఆయన పొలం పహణి నకలు పట్టుకుపోవాలి. సమన్లు అందకుండా వెనక్కి రావడానికి తరచుగా కారణం చిరునామా సరిగా లేకపోవడమే. ఆయన ఇటువైపు వాడైతే ఊరి పేరు పక్కన హోబళి, తాలూకా, అటువైపు వాడైతే మండలం, జిల్లా తప్పకుండా రాయించాలి. చిత్తూరు జిల్లాలో ఉన్న మదనపల్లె, తంబళ్ళపల్లె 2022 ఏప్రిల్‌లో అన్నమయ్య జిల్లాలోకి పోయాయి. పాత శుభలేఖలో ఉన్న జిల్లా పేరు చూసి రాస్తే ఆ నోటీసు ఇంకో వాయిదా దాకా తిరుగుతూనే ఉంటుంది.